రెండు ప్రాంతీయ విమానాశ్రయాల మధ్య దూరాన్ని, ప్రయాణ సమయాన్ని లెక్కించడం ఎలా? రాజమహేంద్రవరం–తిరుపతి ఉదాహరణతో సమగ్ర మార్గదర్శి

రాజమహేంద్రవరం నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపు పడుతుందని వెతికితే ఒక చోట అరగంట పైచిలుకు అనీ, మరొక చోట గంటా ఇరవై నిమిషాలనీ, ఇంకొక చోట నాలుగున్నర గంటలనీ కనిపించవచ్చు. ఈ మూడింటిలో ఏదీ అబద్ధం కాదు. మొదటిది దూరాన్ని జెట్ విమాన వేగంతో భాగించగా వచ్చిన అంకె, రెండోది టైంటేబుల్‌లో ఉండే సమయం, మూడోది హైదరాబాదులో విమానం మారి వెళ్లేవారికి పట్టే సమయం. ప్రయాణాన్ని ఖరారు చేసుకునేముందు ఏ అంకె దేనికి పనికివస్తుందో తెలియాలి, దాన్ని స్వయంగా సరిచూసుకోగలగాలి. అందుకు కావలసిన పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాము. అంకెలన్నీ రాజమహేంద్రవరం–తిరుపతి జతకు వేసినవే అయినా, పద్ధతి ఏ రెండు ప్రాంతీయ విమానాశ్రయాలకైనా వర్తిస్తుంది.

1. ముందుగా ఏ అంకె కావాలో తేల్చుకోండి

దూరాలు మూడు రకాలు. భూగోళం ఉపరితలం మీద రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరాన్ని మహావృత్త దూరం అంటారు. దూరాలు చూపే వెబ్‌సైట్లు ఇచ్చేది సాధారణంగా ఇదే. విమానం నిజంగా ఎగిరే దూరం దీనికంటే కొంత ఎక్కువగా ఉంటుంది. ఇక రోడ్డు లేదా రైలు దూరం వేరే లెక్క.

సమయాలూ మూడే. చక్రాలు నేలను విడిచినప్పటి నుంచి మళ్లీ నేలను తాకేవరకు పట్టేది గాలిలో సమయం. విమానం తన స్థానం నుంచి కదిలినప్పటి నుంచి గమ్యంలో ఆగి నిలిచేవరకు పట్టేదాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్టు మీద కనిపించే బయలుదేరే, చేరే వేళల మధ్య తేడా ఇదే. ఇంటి గుమ్మం నుంచి బస చేరేవరకు పట్టేది మూడోది. సెలవు పెట్టుకోవడానికైనా, దర్శనం వేళ ఎంచుకోవడానికైనా అక్కరకు వచ్చేది ఈ మూడోదే. అయినా చాలామంది మొదటిదాన్ని చూసి నిర్ణయం తీసుకుంటారు.

2. సిద్ధం చేసుకోవలసినవి

- రెండు విమానాశ్రయాల మూడక్షరాల కోడ్‌లు
- రెండింటి అక్షాంశ రేఖాంశాలు, దశాంశ రూపంలో
- కొసైన్ మీట ఉన్న కాలిక్యులేటర్ (ఫోన్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో వస్తుంది)
- ఆ మార్గంలో నడిచే విమానం రకం: ఏటీఆర్ వంటి ప్రొపెల్లర్ విమానమా, ఎయిర్‌బస్ ఏ320 వంటి జెట్టా
- ప్రయాణించే నెల, బయలుదేరే వేళ

విమానం రకాన్ని వదిలివేయకండి. టికెట్టు కొనే పేజీలో సర్వీసు వివరాలను తెరిస్తే చాలా సంస్థలు దాన్ని చూపుతాయి. చిన్న దూరాలలో ఫలితాన్ని ఎక్కువగా మార్చేది ఇదే.

3. విమానాశ్రయం స్థానాన్ని సరిగా తీసుకోండి

ఊరి పేరుతో కాక విమానాశ్రయం కోడ్‌తో వెతకాలి. రాజమహేంద్రవరానికి ఆర్‌జేఏ, తిరుపతికి టీఐఆర్, విజయవాడకు వీజీఏ, కడపకు సీడీపీ. తిరుచిరాపల్లి కోడ్ టీఆర్‌జెడ్, తిరువనంతపురం కోడ్ టీఆర్‌వీ కావడం వల్ల తొందరలో ఒకదానికి మరొకటి ఎంచుకునే ప్రమాదం ఉంది. మూడూ 'తిరు'తో మొదలయ్యే ఊళ్లే కనుక తెర మీద వచ్చే జాబితాలో పక్కపక్కనే నిలుస్తాయి.

విమానాశ్రయాలు ఊరి మధ్యలో ఉండవన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. రాజమహేంద్రవరం విమానాశ్రయం ఊరికి ఉత్తరాన మధురపూడిలో, తిరుపతి విమానాశ్రయం రేణిగుంట వైపు, విజయవాడ విమానాశ్రయం గన్నవరంలో ఉన్నాయి. ఊరి నడిబొడ్డు నుంచి కొలిస్తే రెండు చివరలా పదిహేనేసి కిలోమీటర్ల దాకా తేడా రావచ్చు. ఒకే నగరానికి రెండు స్థలాలు ఉన్నచోట మరింత జాగ్రత్త అవసరం. హైదరాబాదులో బేగంపేట కోడ్ వేరు (బీపీఎం), శంషాబాదు కోడ్ వేరు (హెచ్‌వైడీ). విశాఖకు వెళ్లేవారు టికెట్టు మీద ఉన్నది నగరంలోని పాత విమానాశ్రయమో, భోగాపురంలోని కొత్త విమానాశ్రయమో చూసుకుని మరీ లెక్క మొదలుపెట్టాలి.

గూగుల్ మ్యాప్స్‌ను కంప్యూటర్‌లో తెరిచి, రన్‌వే మీద మౌస్ కుడి మీట నొక్కితే ఆ బిందువు అక్షాంశ రేఖాంశాలు దశాంశ రూపంలో కనిపిస్తాయి. మన ఉదాహరణకు:

- రాజమహేంద్రవరం: ఉత్తర అక్షాంశం 17.110, తూర్పు రేఖాంశం 81.818
- తిరుపతి: ఉత్తర అక్షాంశం 13.632, తూర్పు రేఖాంశం 79.543

మీకు దొరికినవి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటే దశాంశంలోకి మార్చాలి. నిమిషాలను 60తోనూ, సెకన్లను 3600తోనూ భాగించి డిగ్రీలకు కలపాలి. 17 డిగ్రీల 6 నిమిషాల 37 సెకన్లు అంటే 17 + 0.1 + 0.0103, వెరసి 17.110. ఇక్కడ జరిగే పొరపాటు చిన్నదిగా కనిపించినా ఫలితం పెద్దది: 13 డిగ్రీల 37 నిమిషాలను 13.37గా రాసుకుంటే తిరుపతి విమానాశ్రయాన్ని దాదాపు 27 కి.మీ. దక్షిణానికి జరిపినట్లే.

4. మహావృత్త దూరాన్ని లెక్కించండి

వెయ్యి కిలోమీటర్ల లోపు దూరాలకు పెద్ద సూత్రాలు అక్కరలేదు. బడిలో నేర్చుకున్న పైథాగరస్ సిద్ధాంతం చాలు. తేడా ఒక శాతానికి మించదు.

1. అక్షాంశాల తేడా తీసుకోండి: 17.110 – 13.632 = 3.478. దాన్ని 111తో గుణించండి: 386 కి.మీ. ఇది ఉత్తర దక్షిణాల దూరం.
2. రేఖాంశాల తేడా తీసుకోండి: 81.818 – 79.543 = 2.275.
3. రెండు అక్షాంశాల సగటు కనుక్కోండి: 15.37 డిగ్రీలు. దాని కొసైన్ విలువ 0.964.
4. 2.275ను 111తోనూ, 0.964తోనూ గుణించండి: 243 కి.మీ. ఇది తూర్పు పడమరల దూరం.
5. రెండింటి వర్గాలను కూడి వర్గమూలం తీయండి: సుమారు 456 కి.మీ.

మూడో మెట్టు ఎందుకంటే, భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాల మధ్య ఎడం తగ్గిపోతుంది. ఆ తగ్గుదలను కొసైన్ సరిచేస్తుంది. తెలుగు రాష్ట్రాలకు 14 డిగ్రీల వద్ద 0.970, 16 వద్ద 0.961, 18 వద్ద 0.951 అని రాసిపెట్టుకుంటే కాలిక్యులేటర్‌లో కొసైన్ మీట లేకపోయినా పని జరుగుతుంది.

వచ్చిన జవాబును సరిచూడడానికి గూగుల్ మ్యాప్స్‌లోని దూరం కొలిచే సాధనాన్ని వాడి, ఒక రన్‌వే నుంచి మరొక రన్‌వే వరకు గీత లాగండి. రెండు అంకెలూ నాలుగైదు కిలోమీటర్ల తేడాలో ఉంటే లెక్క సరిగా ఉన్నట్లే. భూమి పూర్తి గోళం కాకపోవడం వల్ల వెబ్‌సైట్ల మధ్య కూడా ఆపాటి తేడా వస్తుంది. దాని గురించి తర్జనభర్జన పడనవసరం లేదు.

నాటికల్ మైళ్లు కావాలంటే 1.852తో భాగించాలి. 456 కి.మీ. అంటే సుమారు 246 నాటికల్ మైళ్లు. హైదరాబాదు నుంచి డల్లాస్ వంటి దూరాలకు మాత్రం ఈ చదును లెక్క బొత్తిగా పనికిరాదు. అక్కడ గోళ త్రికోణమితి సూత్రాన్ని వాడే వెబ్‌సైట్‌నే ఆశ్రయించండి.

5. నిజంగా ఎగిరే దూరానికి మార్చండి

విమానం సరళరేఖలో ప్రయాణించదు. గాలి ఎటునుంచి వీస్తే అటు తిరిగి పైకి లేవాలి, గమ్యంలోనూ గాలికి ఎదురుగా దిగాలి. ఈ మధ్యలో నిర్ణీత వాయు మార్గాల బిందువుల మీదుగా వెళ్లాలి, రక్షణ శాఖ ఆధీనంలోని గగనతలాన్ని తప్పించుకోవాలి. తిరుపతికి వెళ్లవలసిన విమానం ఈశాన్యం వైపు లేస్తే, ముందు వెనక్కి తిరగడానికే మూడు నాలుగు నిమిషాలు పోతాయి.

300 నుంచి 600 కి.మీ. దూరాలకు 7 శాతం కలిపితే చాలావరకు సరిపోతుంది. 456కు 7 శాతం కలిపితే సుమారు 488. లెక్క సులువు కోసం 490 కి.మీ. అనుకుందాం. దూరం 300 కి.మీ. కంటే తక్కువైతే 10 శాతం కలపండి, ఎందుకంటే లేచే, దిగే చోట్ల తిరిగే వంపులు దూరంతో పాటు తగ్గవు.

6. గాలిలో పట్టే సమయాన్ని వేయండి

ఎక్కువ వెబ్‌సైట్లు పొరబడేది ఈ మెట్టులోనే. దూరాన్ని గంటకు 800 కి.మీ. వంటి ఒకే వేగంతో భాగించి ఊరుకుంటాయి. ప్రాంతీయ మార్గాల్లో విరివిగా తిరిగే ఏటీఆర్ 72 విమానం స్థిరంగా ఎగిరేటప్పుడు గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో వెళుతుంది. ఏ320 సుమారు 800 నుంచి 830 కి.మీ. వేగంతో వెళ్లగలదు గానీ, చిన్న దూరాలలో ఆ వేగంతో ఎగిరేది కొద్దిసేపే. పది వేల అడుగుల కంటే దిగువన సాధారణంగా 250 నాట్ల వేగ పరిమితి ఉంటుంది, అంటే గంటకు సుమారు 463 కి.మీ. ఎక్కడంలో, దిగడంలో ఈ నెమ్మది వేగం వల్ల పోయే సమయాన్ని విడిగా కలపాలి. ఏటీఆర్‌కు 8 నిమిషాలు, జెట్‌కు 13 నిమిషాలు కలపడం నేను పాటించే పద్ధతి. జెట్‌కు ఎక్కువ ఎందుకంటే, దాని పూర్తి వేగానికీ, ఎక్కేటప్పటి వేగానికీ మధ్య ఎడం ఎక్కువ.

- ఏటీఆర్: 490 ÷ 500 గంటలు, అంటే 59 నిమిషాలు, 8 కలిపితే 67 నిమిషాలు
- ఏ320: 490 ÷ 800 గంటలు, అంటే 37 నిమిషాలు, 13 కలిపితే 50 నిమిషాలు

వేగంలో జెట్ ఒకటిన్నర రెట్లకు పైగా ఉన్నా, మిగిలేది 17 నిమిషాలే. విజయవాడ–హైదరాబాదు వంటి 264 కి.మీ. మార్గంలో ఈ తేడా ఎనిమిది నిమిషాలకు పడిపోతుంది. కాబట్టి ఇలాంటి మార్గాల్లో జెట్ కోసం ఎక్కువ ధర పెట్టడం, లేదా అనుకూలం కాని వేళను ఎంచుకోవడం నా దృష్టిలో దండగ.

గాలి ప్రభావాన్ని కూడా ఒకసారి వేసి చూడండి. 20 నాట్ల ఎదురుగాలి అంటే గంటకు 37 కి.మీ. వేగం తగ్గినట్లు. ఏటీఆర్‌కు 490 కి.మీ.ని 463తో భాగిస్తే 63 నిమిషాల పైచిలుకు, అంటే నాలుగున్నర నిమిషాలు ఎక్కువ. ఇంత చిన్న ప్రయాణంలో గాలి కంటే నేల మీద జరిగే ఆలస్యమే ఎక్కువ సమయాన్ని తింటుంది.

7. బ్లాక్ టైమ్‌కు చేరండి

గాలిలో సమయానికి, విమానం రన్‌వే చివరి వరకు నేల మీద నడిచే సమయాన్నీ, దిగాక ఆగే చోటికి వచ్చే సమయాన్నీ కలపాలి. చిన్న విమానాశ్రయాలలో రెండూ కలిపి 12 నుంచి 15 నిమిషాలు చాలు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు వంటి చోట్ల ఆ ఒక్క చివరకే 10 నుంచి 20 నిమిషాలు పట్టవచ్చు. ఈ లెక్కన మన ఉదాహరణకు ఏటీఆర్ అయితే సుమారు 80 నిమిషాలు, జెట్ అయితే 65 నిమిషాలు.

టైంటేబుల్‌లో ఇంకో అయిదు పది నిమిషాలు ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. సమయపాలన లెక్కల్లో వెనుకబడకుండా సంస్థలు కొంత వెసులుబాటు ఉంచుకుంటాయి. అందుకే ఆలస్యంగా బయలుదేరిన విమానం కూడా ఒక్కోసారి సరైన వేళకే దిగుతుంది.

బ్లాక్ టైమ్ తెలిసి ఉండడం మరో విధంగానూ ఉపయోగపడుతుంది. తగిన ముందస్తు సమాచారం లేకుండా, సంస్థ తన కారణాల వల్లనే సర్వీసును రద్దు చేసినప్పుడు, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం నష్టపరిహారం పరిమితి ఈ సమయాన్ని బట్టే ఉంటుంది. గంట వరకు 5,000 రూపాయలు, గంట దాటి రెండు గంటల వరకు 7,500, ఆపైన 10,000. లేదా టికెట్టు మూల ధర, ఇంధన ఛార్జి కలిపిన మొత్తం. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. తుఫాను వంటి, సంస్థ చేతిలో లేని కారణాలకు ఇది వర్తించదు.

8. టైంటేబుల్‌తో సరిచూడండి

మీ లెక్కకూ, సంస్థ చూపే సమయానికీ తేడా 15 నిమిషాల లోపు ఉంటే ముందుకు సాగవచ్చు. అంతకు మించితే ఈ క్రింది వాటిని ఒక్కొక్కటిగా చూడండి.

- మధ్యలో మరో ఊరిలో ఆగే సర్వీసా? విమానం మారకపోయినా, ఆగే ప్రతిచోటా కనీసం అరగంట పోతుంది.
- విమానం రకాన్ని తప్పుగా అనుకున్నారా?
- మీరు చూస్తున్నది పాత షెడ్యూలా? దేశంలో వేసవి షెడ్యూల్ మార్చి చివరి ఆదివారం, శీతకాలపు షెడ్యూల్ అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతాయి. ప్రాంతీయ సర్వీసులు ఎక్కువగా వచ్చేదీ, పోయేదీ ఈ రెండు తేదీల వద్దనే.

దేశంలో ఎక్కడికి వెళ్లినా గడియారం ఒక్కటే కనుక టికెట్టు మీది వేళలను నేరుగా తీసివేస్తే చాలు. గల్ఫ్ ప్రయాణాలకు అలా కుదరదు. యూఏఈ సమయం మనకంటే గంటన్నర వెనుక ఉంటుంది కాబట్టి, వెళ్లేటప్పుడు టికెట్టు వేళల తేడాకు గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు గంటన్నర తీసివేయాలి.

గత కొన్ని రోజుల్లో అదే సర్వీసు నిజంగా ఎప్పుడు లేచిందో, ఎప్పుడు దిగిందో ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్‌లలో చూడవచ్చు. ఒక రోజు అంకె చూసి తీర్మానించకండి. వారం రోజులవి చూసి, మధ్యస్థంగా ఉన్నదాన్ని తీసుకోండి.

9. నేరు విమానం లేనప్పుడు

దూరం చూపే వెబ్‌సైట్ రెండు విమానాశ్రయాల మధ్య ప్రయాణ సమయం చెప్పిందంటే, వాటి మధ్య విమానం నడుస్తోందని అర్థం కాదు. అది ఏ రెండు బిందువులకైనా అదే లెక్క వేస్తుంది. సంస్థ సొంత వెబ్‌సైట్‌లో, మీ తేదీకి, వారంలో ఆ రోజుకు సర్వీసు ఉందో లేదో చూడాలి. కొన్ని ప్రాంతీయ సర్వీసులు వారానికి మూడు నాలుగు రోజులే తిరుగుతాయి.

విమానం మారవలసి వస్తే ఒక్కో అంచెను విడివిడిగా లెక్కించండి. రాజమహేంద్రవరం నుంచి శంషాబాదుకు 360 కి.మీ., అక్కడి నుంచి తిరుపతికి సుమారు 418 కి.మీ.; కలిపి 778. నేరు దూరానికి ఇది 1.7 రెట్లు. రెండు అంచెలకు రెండున్నర గంటలు, మధ్య నిరీక్షణకు గంటన్నర నుంచి రెండు గంటలు వేసుకుంటే, విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికే నాలుగు నుంచి నాలుగున్నర గంటలు అవుతుంది.

ఒకే టికెట్టు మీద రెండు అంచెలూ ఉంటే నిరీక్షణ గంటన్నర చాలు. మొదటి విమానం ఆలస్యమైతే రెండోదాని సంగతి సంస్థే చూసుకోవాలి. విడి టికెట్లు కొంటే సామాను తీసుకుని, మళ్లీ కౌంటర్ వద్ద అప్పగించి, మళ్లీ తనిఖీ దాటాలి. అప్పుడు మూడు గంటలకు తగ్గకుండా ఉంచుకోండి.

చెన్నైకి విమానం దొరికితే దాన్నీ పోల్చి చూడవచ్చు. రాజమహేంద్రవరం నుంచి చెన్నైకి సుమారు 490 కి.మీ., అక్కడి నుంచి తిరుపతికి రోడ్డు మీద సుమారు 150 కి.మీ. నగరం దాటడానికి పట్టే సమయాన్ని బట్టి కారులో మూడు నుంచి నాలుగు గంటలు. పిల్లలూ, పెద్దలూ ఉన్న కుటుంబానికి నేనైతే దీన్ని సూచించను.

10. ఇంటి నుంచి బస వరకు మొత్తం వేయండి

నేరు ఏటీఆర్ సర్వీసు ఉన్న రోజుకు ఒక నమూనా:

- ఇంటి నుంచి మధురపూడికి: 40 నిమిషాలు
- విమానం వేళకు ముందు చేరవలసిన సమయం: 90 నిమిషాలు
- బ్లాక్ టైమ్: 80 నిమిషాలు
- దిగి, సామాను తీసుకుని బయటకు: 25 నిమిషాలు
- రేణిగుంట వైపు నుంచి తిరుపతి ఊరిలోకి: 30 నిమిషాలు

మొత్తం 265 నిమిషాలు, అంటే దాదాపు నాలుగున్నర గంటలు. తిరుమల కొండపైకి వెళ్లేవారు అలిపిరి వద్ద తనిఖీతో కలిపి మరో గంటన్నర వేసుకోవాలి.

తొంభై నిమిషాలను తగ్గించి చూపడానికి ప్రయత్నించకండి. దేశీయ సర్వీసులకు పెద్ద సంస్థలు కౌంటర్‌ను సాధారణంగా విమానం వేళకు గంట ముందే మూసివేస్తాయి. చిన్న విమానాశ్రయమే కదా అని చివరి నిమిషంలో వచ్చినవారికి, లోపల ఎవరూ లేకపోయినా, కౌంటర్ తెరుచుకోదు.

ఇదే ప్రయాణం రైలులో విజయవాడ, గూడూరు మీదుగా సుమారు 540 కి.మీ., రోడ్డు మీద నెల్లూరు మీదుగా సుమారు 570 కి.మీ. రాత్రి రైలు ఎక్కి తెల్లవారేసరికి దిగగలిగితే పగలు ఏమీ పోదు. నాలుగున్నర గంటలు మెలకువగా గడిపే విమాన ప్రయాణానికీ, నిద్రలో గడిచే రైలు ప్రయాణానికీ గంటలను మాత్రమే పోల్చడం సరైన పోలిక కాదు. విమానం మారవలసిన రోజు అయితే, నా ఓటు రైలుకే.

11. తరచూ దొర్లే పొరపాట్లు, సవరణలు

రోడ్డు దూరాన్ని విమాన వేగంతో భాగించడం. 570ని 500తో భాగిస్తే గాలిలో 68 నిమిషాలు వస్తుంది. ఇది సరైన జవాబుకు యాదృచ్ఛికంగా దగ్గరగా ఉండడమే అసలు చిక్కు. నది, అడవి, ఘాట్ రోడ్డు అడ్డువచ్చే మరో జతకు ఇదే పద్ధతి వాడితే లెక్క పూర్తిగా చెడుతుంది. అక్షాంశ రేఖాంశాల నుంచే మొదలుపెట్టండి.

మైళ్లను కలగలపడం. సాధారణ మైలు 1.609 కి.మీ., నాటికల్ మైలు 1.852 కి.మీ. 246 నాటికల్ మైళ్లను సాధారణ మైళ్లుగా భావిస్తే 60 కి.మీ. మాయమవుతుంది. వెబ్‌సైట్‌లో అంకె పక్కనున్న కొలమానం చూడకుండా రాసుకోకండి.

ఋతువును పట్టించుకోకపోవడం. డిసెంబరు, జనవరి ఉదయాల్లో గన్నవరం వద్దా, గోదావరి తీరంలోనూ పొగమంచు కమ్ముతుంది. చూపు ఆనకపోతే విమానం గాలిలో చుట్లు తిరుగుతుంది, లేదా మరో ఊరికి మళ్లుతుంది. ఆ నెలల్లో వీలైతే ఉదయం పది తర్వాతి సర్వీసు తీసుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని తెలిస్తే ముందురోజే సంస్థ సందేశాలను గమనించండి.

చివరి సర్వీసును నమ్ముకోవడం. చిన్న విమానాశ్రయాలు చాలావరకు రోజంతా తెరిచి ఉండవు. రాత్రి చివరి విమానం పనివేళలు దాటేంత ఆలస్యమైతే అది మరుసటి రోజుకు వాయిదా పడవచ్చు. మరునాడు ఉదయం తప్పనిసరి పని ఉన్నవారు, చివరి సర్వీసుకు ముందున్నదాన్ని ఎంచుకోవాలి. అటువంటిది లేకపోతే అదే రాత్రి బయలుదేరే రైలులో ఒక బెర్తు చూసి పెట్టుకుని, విమానం లేచాక దాన్ని రద్దు చేసుకోవచ్చు. రద్దు ఛార్జీని ఖర్చులో ముందే కలుపుకోండి.